చిన్న తల, చిన్న కళ్లు: చేప పిండంలో డీఎన్‌ఏ ప్రతికృతి లోపాన్నీ జనక కణాల మరణాన్నీ విడదీసి చూడడం ఎలా?

మూడో రోజు ఉదయం సూక్ష్మదర్శిని కింద పళ్లెం పెట్టి చూస్తారు. ఒక జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిన తల్లిదండ్రులకు పుట్టిన వంద జీబ్రా చేప పిల్లల్లో సుమారు పాతికింటికి తల చిన్నది, కళ్లు ఆవగింజలంత, ఒళ్లు కాస్త వంకర. నాలుగింట ఒక వంతు కాబట్టి మెండెల్ లెక్క కుదిరినట్టే. ‘ఈ జన్యువు లేకపోతే కణాలు విభజన చెందవు’ అని అప్పటికప్పుడే నోటుపుస్తకంలో రాసేయాలని చెయ్యి లాగుతుంది.

కాస్త ఆగండి. కణాలు తగ్గడానికి మూడు దారులున్నాయి. విభజన నెమ్మదించి ఉండవచ్చు. పుట్టిన కణాలు చనిపోయి ఉండవచ్చు. లేదా జనక కణాలు, అంటే మూలకణాలకూ పూర్తిగా రూపుదిద్దుకున్న కణాలకూ మధ్య నిలిచి ఇంకా విభజన చెందుతున్నవి, తొందరపడి న్యూరాన్లుగా మారిపోయి విభజన మానేసి ఉండవచ్చు. మూడో రోజున ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. పైగా పిండం తన శవాలను తానే శుభ్రం చేసుకుంటుంది. చనిపోయిన కణాన్ని పక్క కణాలో, చెత్తను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లో కొద్ది గంటల్లోనే మింగేస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ఏ రంగు వాడాలి అన్నదానికంటే ఏ గంటలో చూడాలి అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా పిండం గడియారం

28.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫలదీకరణ జరిగిన సుమారు 45 నిమిషాలకు మొదటి విభజన. ఆ తర్వాత దాదాపు పావుగంటకొకటి చొప్పున అన్ని కణాలూ ఒకే తాళంలో చీలుతాయి. పావుగంటలో జన్యు సంపుటి మొత్తం నకలు కావాలి, రెండుగా పంచబడాలి. ఇది సాధ్యం కావడానికి కారణం, ఈ తొలి చక్రాలలో జీ1, జీ2 అనే విరామ దశలే లేవు. ప్రతికృతి, అంటే డీఎన్‌ఏ నకలు, జరిగే ఎస్ దశ, విభజన జరిగే ఎమ్ దశ, మళ్లీ ఎస్, మళ్లీ ఎమ్. కావలసిన సరుకంతా తల్లి అండంలో ముందే నింపి పంపింది: డీఎన్‌ఏ పోగులను విడదీసే ఎంసీఎం హెలికేజ్ ఉపభాగాలు, కొత్త పోగును అల్లే పాలిమరేజ్‌లు, వాటిని పోగు మీద పట్టి ఉంచే పీసీఎన్‌ఏ, డీఎన్‌ఏ ఇటుకలైన న్యూక్లియోటైడ్లు. పదో చక్రం దగ్గర, అంటే సుమారు 2.75 గంటలకు, మధ్య బ్లాస్టులా మార్పు మొదలవుతుంది. విభజనలు నెమ్మదిస్తాయి, కణాల తాళం తప్పుతుంది, విరామ దశలు పుట్టుకొస్తాయి, పిండం తన సొంత జన్యువులను చదవడం మొదలుపెడుతుంది.

దీని నుంచి రెండు విషయాలు పట్టుకోవాలి. మొదటిది, ఆ మార్పుకు ముందు పిండానికి తనిఖీ వ్యవస్థ దాదాపు లేదు. తొలి గంటల్లో డీఎన్‌ఏను దెబ్బతీసినా కణాలు ఆగవు, వెంటనే చావవు. అపోప్టోసిస్, అంటే కణం తనను తాను చంపుకోవడం, కనిపించేది కణాలు పొరలుగా సర్దుకునే గ్యాస్ట్రులా దశలో. రెండోది, ప్రతికృతికి సంబంధించిన జన్యువు పిండంలో పూర్తిగా చెడినా తల్లి ఇచ్చిన నిల్వ అయిపోయేదాకా ఏమీ తెలియదు. ప్రతి విభజనతో ఆ నిల్వ పంచుకుపోతుంది. కాబట్టి ఎక్కువ సార్లు విభజన చెందాల్సిన చోటే ముందుగా బోసిపోతుంది: కంటి వెనక తెర అయిన రెటీనా, మధ్య మెదడు పైకప్పు అయిన టెక్టమ్, దవడ కమానులు, రక్త మూలకణాలు. చిన్న తల, చిన్న కళ్లు ఆ జన్యువు తలకు ప్రత్యేకమని చెప్పడం లేదు. అప్పు ఎక్కువ వాడుకున్నవాడి దగ్గరే ముందు ఖజానా ఖాళీ అయిందని మాత్రమే చెబుతున్నాయి.

మొదటి మెట్టు: పిండాలను ఒకే ఈడుకు తేవడం

జీబ్రా చేపలు తెల్లవారి దీపాలు వెలిగిన కొద్దిసేపటికే గుడ్లు పెడతాయి. సాయంత్రం ఆడ, మగ చేపల మధ్య అడ్డు పెట్టి, ఉదయం తీసేస్తే అరగంట తేడాలో ఫలదీకరణ జరిగిన గుడ్లు చేతికి వస్తాయి. పళ్లెంలో గుడ్లను కుక్కకండి. కిక్కిరిసినా, ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా ఎదుగుదల వెనకబడుతుంది. చచ్చిన గుడ్లను ఆ రోజే ఏరేయాలి.

గోడ గడియారాన్ని నమ్మవద్దు. కిమ్మెల్ బృందం 1995లో ఇచ్చిన దశల పట్టిక ప్రకారం, సోమైట్ల (వీపు వెంట వరుసగా ఏర్పడే కణజాల దిమ్మల) లెక్కతోనో తల, మొండెం మధ్య కోణంతోనో ఈడు నిర్ణయించాలి. లోపమున్న పిండాలు తరచు నాలుగైదు గంటలు వెనకబడి ఉంటాయి. 30 గంటల తోబుట్టువుతో అదే 30 గంటల రోగి పిండాన్ని పోల్చి ‘విభజనలు ఎక్కువగా ఉన్నాయి’ అంటే, మీరు చూసింది చిన్న వయసునే. గడియారం ఈడుకొకటి, శరీర దశకొకటి, రెండు పోలికలూ పెట్టుకోండి.

మెలనిన్ రంగు అడ్డు రాకుండా ఫలదీకరణ జరిగిన 24 గంటలలోపే 0.003 శాతం ఫినైల్ థయోయూరియా కలపాలి. ఒకసారి రంగు పడ్డాక ఈ మందు దాన్ని చెరపదు. జంతు నీతి సంఘం అనుమతి ముందే తీసుకోండి. ఐరోపా సమాఖ్య నిబంధన స్వయంగా మేత తినే లార్వా దశ నుంచి వర్తిస్తుంది, మిగతా చోట్ల గీత మరో దగ్గర ఉండవచ్చు.

రెండో మెట్టు: ప్రతికృతిని ఎలా చెడగొడుతున్నారు?

మూడు మార్గాలు. ఉత్పరివర్తనం (జన్యువులో శాశ్వత మార్పు), మార్ఫోలినో (జన్యు సందేశానికి అంటుకుని దాన్ని అడ్డుకునే కృత్రిమ అణువు), రసాయనం.

ఉత్పరివర్తనాలే గట్టి పునాది. విషమయుగ్మజ, అంటే జన్యువు ఒక ప్రతి మాత్రమే చెడిన, తల్లిదండ్రులను కలిపి, వచ్చిన ప్రతి పిండానికీ విడివిడిగా జన్యురూపం పరీక్షించాలి. చూసి ఏరితే, ఇంకా లక్షణం బయటపడని తొలి గంటల పిండాలు చేజారుతాయి. మనకు అన్నిటికంటే విలువైన గంటలు అవే. జన్యువును మధ్యలో తెంపే కొన్ని లోపాలకు పిండం దాని దగ్గరి బంధు జన్యువులను పెంచుకుని సర్దుకుంటుందన్న సంగతీ గుర్తుంచుకోండి.

మార్ఫోలినోతో నాకెప్పుడూ కొంత పేచీయే. త్వరగా పని అవుతుంది, కొన్ని రకాలు తల్లి ఇచ్చిన జన్యు సందేశమైన ఎంఆర్‌ఎన్‌ఏను కూడా అడ్డుకుంటాయి, అది మంచిదే. కానీ చాలా మార్ఫోలినోలు గురితో సంబంధం లేకుండా, దెబ్బతిన్న కణాన్ని ఆపే లేదా చంపే పీ53 అనే ప్రొటీన్‌ను రెచ్చగొడతాయి, ముఖ్యంగా మెదడులో కణాలను చంపుతాయి. మనం కొలవాలనుకుంటున్నదే కణ మరణం. పాముకు పాలు పోసి విషం కొలిచినట్టు ఉంటుంది. వాడక తప్పకపోతే, ఉత్పరివర్తనంతో అదే ఫలితం వచ్చిందని చూపించండి.

రసాయనాలది మరో ఉపయోగం: ఏ గంటలో ప్రతికృతి ఆగాలో మీరే నిర్ణయించవచ్చు. హైడ్రాక్సీయూరియా రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌ను అడ్డుకుని న్యూక్లియోటైడ్ల సరఫరా తెంపుతుంది. ఎఫిడికోలిన్ పాలిమరేజ్‌లనే ఆపుతుంది. గ్యాస్ట్రులా తర్వాతి పిండాల్లో ఈ రెండింటినీ కలిపి, 20 మిల్లీమోలార్ హైడ్రాక్సీయూరియా, 150 మైక్రోమోలార్ ఎఫిడికోలిన్ చొప్పున వాడడం ప్రచారంలో ఉంది. మీ పిండాల దశకు తగ్గట్టు తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టి చూసుకోండి. ద్రావకం మాత్రమే కలిపిన పిండాలు పక్కన తప్పనిసరి.

మూడో మెట్టు: ఎస్ దశలో ఉన్న కణాలకు గుర్తు పెట్టడం

అసలు పని ఇక్కడే. థైమిడిన్‌ను పోలిన పదార్థాన్ని పిండానికి ఇస్తే ఆ క్షణంలో డీఎన్‌ఏను నకలు తీస్తున్న కణాలు దాన్ని తమ కొత్త పోగులో కలుపుకుంటాయి. పాత పద్ధతి బ్రోమోడియాక్సీయూరిడిన్, అంటే బీఆర్‌డీయూ. దాన్ని యాంటీబాడీతో పట్టుకోవాలంటే ముందు ఆమ్లంతో డీఎన్‌ఏ పోగులను విడదీయాలి. ఆ ఆమ్లం మిగతా ప్రొటీన్ల ఆకారాన్నీ పాడు చేస్తుంది. ఎథినైల్ డియాక్సీయూరిడిన్, అంటే ఈడీయూ వచ్చాక ఆ బాధ తప్పింది. రాగి సాయంతో జరిగే చిన్న రసాయన చర్యతో మెరిసే రంగు నేరుగా అంటుకుంటుంది.

పని వరుస ఇది. పిండం చుట్టూ ఉండే కోరియన్ పొర తీసేయండి, లేకపోతే మందు అసమానంగా చేరుతుంది. 500 మైక్రోమోలార్ ఈడీయూను 10 శాతం డీఎంఎస్ఓ (మందును లోపలికి చేర్చే ద్రావకం) కలిపిన పిండ ద్రావణంలో తయారు చేసి, పిండాలను మంచు మీద 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. చలిలో కణచక్రం దాదాపు నిలిచిపోతుంది కాబట్టి మందు లోపలికి చేరే సమయం మీ కొలతలో కలవదు. తర్వాత కడిగి, 28.5 డిగ్రీల ద్రావణంలోకి మార్చి, మీరు అనుకున్నంత సేపు, ఉదాహరణకు అరగంట, వదలండి. సరిగ్గా ఆ నిమిషానికి 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచండి. రెండు రోజులు దాటిన పిండాలకు చర్మం గట్టిపడుతుంది. వాటికి పచ్చసొనలోకో గుండె దగ్గరకో సూదితో ఇవ్వడం మేలు.

రంగు వేసేటప్పుడు మూడు చిక్కులు. రాగి వల్ల పచ్చ ఫ్లోరసెంట్ ప్రొటీన్ వెలుగు ఆరిపోతుంది, కాబట్టి ఆ ప్రొటీన్‌ను తర్వాత యాంటీబాడీతో వెలికితీయాలి. కణంలోని ఆక్టిన్ పోగులకు రంగేసే ఫాలాయిడిన్ కూడా రాగి తగిలాక సరిగా అంటదు. ఇక రాగిని పనిచేసే రూపంలో ఉంచే సోడియం ఆస్కార్బేట్ ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. పసుపు పచ్చగా మారిన పాత ద్రావణంతో ఒకసారి పదిహేను రోజులు నేను చీకటి పిండాలనే ఫోటోలు తీశాను. ‘ప్రతికృతి పూర్తిగా ఆగిపోయింది’ అన్న గొప్ప ఫలితం ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువుల్లో కూడా వచ్చేసరికి బుద్ధి వచ్చింది.

ఇప్పుడు చదవడం. ఈడీయూ గుర్తున్న కణాలు ఎక్కువగా ఉంటే విభజనలు పెరిగాయని అర్థం కాదు. ప్రతికృతి నెమ్మదిస్తే ప్రతి కణం ఎస్ దశలో ఎక్కువసేపు చిక్కుకుంటుంది. ఇరుకు వంతెన మీద వాహనాలు ఎక్కువగా కనిపించినట్టే అది కూడా: ఎక్కువ కనిపించేది, కదలడం లేదు కాబట్టే. దీన్ని విడదీయడానికి రెండు సూచనలు. ఒకటి, ఒక్కో కేంద్రకంలో మెరుపు తీవ్రత. అదే అరగంటలో తక్కువ మెరిస్తే ప్రతికృతి ఫోర్కులు, అంటే డీఎన్‌ఏ విచ్చుకుని నకలు అవుతున్న చోట్లు, నెమ్మదిగా కదులుతున్నాయన్న మాట. రెండు, జంట గుర్తు. ముందు ఈడీయూ, కొంత వ్యవధి తర్వాత బీఆర్‌డీయూ ఇవ్వండి. వ్యవధిలో ఎస్ దశ దాటిపోయిన కణాలకు మొదటి గుర్తు మాత్రమే ఉంటుంది. ఇంకా అందులోనే ఉన్నవాటికి రెండో గుర్తు ఉంటుంది. ఎస్ దశ నిడివి అంటే వ్యవధిని రెండో గుర్తున్న కణాల సంఖ్యతో గుణించి, మొదటిది మాత్రమే ఉన్నవాటితో భాగించినది. వ్యవధి 2 గంటలు, రెండో గుర్తున్నవి 60, మొదటిది మాత్రమే ఉన్నవి 20 అనుకుంటే నిడివి 6 గంటలు. కణాలు తాళం లేకుండా విడివిడిగా చక్రంలో తిరుగుతున్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. కొన్ని బీఆర్‌డీయూ యాంటీబాడీలు ఈడీయూను కూడా పట్టుకుంటాయి. ఈడీయూ మాత్రమే ఇచ్చిన పిండం మీద ముందు పరీక్షించండి.

నాలుగో మెట్టు: చక్రంలో మిగతా చోట్లు

ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 యాంటీబాడీ విభజనలో ఉన్న కణాలను చూపుతుంది. ఈడీయూ నిండుగా ఉండి ఇది తగ్గితే కణాలు ఎస్ దశలోనో జీ2లోనో ఆగాయి. రెండూ తగ్గితే చక్రంలోకి దిగే కణాలే తక్కువ. ఇది పెరిగితే విభజన మధ్యలోనే ఇరుక్కుని ఉండవచ్చు. క్రోమోజోముల ఆకారం చూడండి.

పిండాలను విడి కణాలుగా చేసి, ఆర్‌ఎన్‌ఏను తొలగించి, ప్రొపిడియం అయొడైడ్‌తో డీఎన్‌ఏ పరిమాణం కొలిచే ఫ్లో సైటోమెట్రీ త్వరగా అయిపోతుంది. కానీ కన్ను, కండరం, చర్మం అన్నీ కలిసిపోతాయి. ఆగిపోయిన కొద్దిపాటి జనక కణాలు ఆ గుంపులో కనబడకపోవచ్చు. తలలు మాత్రం కోసి చేస్తే కొంత నయం.

ఐదో మెట్టు: మరణం, దానికంటే ముందు గాయం

బతికున్న పిండాల్లో, చనిపోతున్న కణాలను మెరిపించే అక్రిడిన్ ఆరెంజ్ సులభం: మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు, 20 నిమిషాలు, బాగా కడగడం, వెంటనే చూడడం. స్థిరపరచిన పిండంలో ఇది పనికిరాదు. స్థిరపరచినవాటికి, కణాన్ని చంపే ఎంజైమైన కాస్పేజ్-3 క్రియాశీల రూపాన్ని పట్టే యాంటీబాడీ లేదా తెగిన డీఎన్‌ఏ కొసలను పట్టే టునెల్. కాస్పేజ్-3 ముందు వెలుగుతుంది, టునెల్ తర్వాత. ఆరోగ్యంగా ఉన్న పిండంలోనూ కొంత మరణం సహజం, వెన్నుపాములోని రోహన్-బేర్డ్ న్యూరాన్లు అందుకు ఉదాహరణ. కాబట్టి తోబుట్టువుల చిత్రం పక్కన లేకుండా ఒక్క చుక్కనూ లెక్కించవద్దు.

గామా హెచ్2ఏఎక్స్ డీఎన్‌ఏ గాయానికి గుర్తు. కేంద్రకంలో చుక్కలు చుక్కలుగా ఉంటే గాయం. కేంద్రకమంతా నిండిపోయి ఉంటే ఆ కణం అప్పటికే చనిపోతూ ఉండవచ్చు. ఈ తేడా చూడని బొమ్మలు చాలా ఎదురవుతాయి. కాస్పేజ్-3తో జంటగా వేయండి. చుక్కలుండి కాస్పేజ్ లేని కణాలే మీ అసలు సాక్షులు.

ఇక గంటలు. 24 నుంచి 48 వరకు ప్రతి నాలుగు గంటలకొకసారి పిండాలు తీసి, ఒకే గుంపులో ఈడీయూ, గామా హెచ్2ఏఎక్స్, కాస్పేజ్-3 మూడూ చూడండి. ఏది ముందు మారిందో అదే మొదటి సంఘటన. ఈడీయూ మెరుపు 28 గంటలకు తగ్గి, గాయపు చుక్కలు 32కు వచ్చి, కాస్పేజ్ 36కు వెలిగితే కథ దానంతట అదే నిలబడుతుంది. కాస్పేజ్ ముందు వస్తే, ప్రతికృతి మీద మీరు మోపిన నేరం ఇంకా రుజువు కాలేదు.

ఆరో మెట్టు: పీ53ను తొలగించి చూడడం

ప్రతికృతి ఫోర్కు నిలిచిపోతే ఏటీఆర్, చెక్1 అనే హెచ్చరిక ఎంజైమ్‌లు (కైనేజ్‌లు) కేక వేస్తాయి. కొత్త ఆరంభ స్థానాలను ఆపుతాయి, నిలిచిన ఫోర్కును కాపాడతాయి. గాయం మానకపోతే పీ53 పైకి వస్తుంది. అది పీ21 అనే ప్రొటీన్‌తో చక్రాన్ని ఆపవచ్చు, బ్యాక్స్, ప్యూమా అనే ప్రొటీన్లతో కణాన్ని చంపవచ్చు. జనక కణాలు చావు వైపే త్వరగా మొగ్గుతాయి.

మీ ఉత్పరివర్తనాన్ని పీ53 జన్యువైన టీపీ53 లోపమున్న చేపతో కలపండి. ఎం214కే అనే రకం చాలా ప్రయోగశాలల్లో ఉంది. పాలిమరేజ్ డెల్టా1 లోపమున్న ‘ఫ్లాట్‌హెడ్’ చేపల్లో 2006లో చూపించింది ఇదే: పీ53 లేనప్పుడు కణాల చావు తగ్గింది, పలు రకాల కణాలు తమ రూపం దిద్దుకున్నాయి. రెటీనాలో ఎంసీఎం5 లోపం మీద 2005లో వచ్చిన పని కూడా కణచక్ర లోపాన్నీ అపోప్టోసిస్‌నూ కలిపి చూపింది.

ఇక్కడ తొందరపడి తప్పు చదివేవారు ఎక్కువ. చావు ఆగింది కాబట్టి జబ్బు నయమైందనుకుంటారు. పీ53 పోతే ప్రతికృతి బాగుపడదు. దెబ్బతిన్న కణం బతుకుతుంది, అంతే. కాబట్టి ఈ జంట లోపపు పిండాల్లో ఈడీయూ, గామా హెచ్2ఏఎక్స్ మళ్లీ కొలవాలి. గాయం అలాగే ఉండి చావు మాత్రమే తగ్గితే, ప్రతికృతి లోపం ముందు, మరణం దాని తర్వాత అన్న వరుస తేలుతుంది. గాయం కూడా తగ్గితే మీరు చూసిన గాయంలో కొంత మరణం వల్లే వచ్చింది. చావు ఏమాత్రం తగ్గకపోతే పీ53తో పనిలేని దారి వెతకాలి. చెక్1 లేనప్పుడు కాస్పేజ్-2 ద్వారా అలాంటి మరణం జరుగుతుందని జీబ్రా చేపల్లోనే 2008లో కనుగొన్నారు.

ఏడో మెట్టు: అవి జనక కణాలేనా?

గుర్తు పడిన ప్రతి కణమూ జనక కణం కాదు. రెటీనా ఇందుకు మంచి బడి. 24 గంటలకు దాదాపు అంతా విభజన చెందే కణాలే. 28 ప్రాంతంలో మెదడుకు సంకేతాలు పంపే మొదటి గ్యాంగ్లియన్ కణాలు చక్రం నుంచి బయటపడతాయి. 72కు విభజన అంచున ఉన్న సీలియరీ వలయానికే పరిమితమవుతుంది. 72 దగ్గర మధ్య భాగంలో ఈడీయూ కనిపిస్తే అది వార్తే. రక్తానికైతే రక్త మూలకణాల జన్యువులైన రన్ఎక్స్1, సీ-మిబ్ గుర్తులను బృహద్ధమని కింది గోడలో చూడండి.

తొందరపాటు మార్పును పట్టడానికి ఈడీయూ ఇచ్చి, పన్నెండు గంటలు వదిలి, న్యూరాన్ గుర్తు హెచ్‌యూతో కలిపి చూడండి. రెండూ ఉన్న కణాలు తోబుట్టువుల కంటే ఎక్కువైతే జనక కణాలు ముందే పని వదిలేశాయి.

ఎనిమిదో మెట్టు: తప్పు కణానిదా, ఇరుగుపొరుగుదా?

లోపమున్న పిండానికి మొదటి కణ దశలోనే గుర్తుగా మెరిసే ఫ్లోరసెంట్ డెక్స్‌ట్రాన్ ఎక్కించి, 3 నుంచి 4 గంటల మధ్య అందులోంచి కొన్ని కణాలు పీల్చి ఆరోగ్యవంతమైన పిండంలో నాటండి. చేయి తిరగడానికి నెలలు పడుతుంది. దాత పిండాన్ని పారేయకండి, దాని జన్యురూపం తెలిస్తేనే ఈ శ్రమకు విలువ. ఆరోగ్యంగా ఉన్న రెటీనాలో కూడా ఆ కణాలు చిన్న గుంపులుగా మిగిలి చనిపోతే లోపం కణం లోపలిదే. బతికి బట్టకడితే, మొదట చూసిన చావుకు చుట్టుపక్కల కారణాలు వెతకండి.

లెక్కించేటప్పుడు

జన్యురూపం తెలియకుండానే లెక్కించండి. పది పిండాల్లో మూడు వేల కణాలు లెక్కిస్తే మీ నమూనా సంఖ్య పదే, మూడు వేలు కాదు. కణాల సంఖ్యను కంటి పరిమాణంతోనో మొత్తం కేంద్రకాలతోనో భాగించండి, చిన్న కంట్లో కణాలు తక్కువని చెప్పడానికి ఇంత కష్టం అక్కరలేదు. కనీసం మూడు వేర్వేరు రోజుల గుడ్లు వాడండి. ఒకే జంట, ఒకే ఉదయం పెట్టిన గుడ్లలో వచ్చిన తేడా చాలాసార్లు ఆ జంటదే. చివరగా, పిండం తోక ముక్కను జన్యురూపానికి తీసేటప్పుడు గొట్టం మీద అంకెను చెరగని కలంతో రాయండి. ఆల్కహాల్ తగిలి అంకెలు పోయిన 96 గొట్టాల పెట్టె ఒకటి ఇప్పటికీ నా ఫ్రీజర్‌లో ఉంది.